చుట్టుదారుల లెక్క: సింప్లెక్టిక్ జ్యామితి, కోహోమాలజీ

నేరేడ్‌మెట్ పరిసరాలలో నివసించే శ్రోతలకు రెండు స్థలాలు బాగా తెలిసి ఉంటవి. ఒకటి సఫిల్‌గూడ చెరువు. కట్ట మీద మైసమ్మ గుడి ఉన్నది. రెండవది కొంచెం దూరాన కనబడే మౌలాలి గుట్ట. ఒకటి పల్లం, ఒకటి మిట్ట అనే భేదం అందరికీ తెలిసినదే. అయితే గణితజ్ఞుని దృష్టిలో ఈ రెంటికీ అంతకంటె లోతైన భేదం ఒకటి ఉన్నది. దానిని పట్టుకొన్నవానికి ఇరవయ్యవ శతాబ్దపు గణితంలో మిక్కిలి ఫలవంతమైన భావనలలో ఒకటి చేతికి చిక్కినట్లే. ఆ భావన పేరు కోహోమాలజీ. దీనికి తెలుగులో అందరూ ఒప్పుకొన్న మాట ఇంకా స్థిరపడలేదు. పలకడానికి కష్టమైన సంస్కృత సమాసం ఒకటి కొత్తగా కల్పించడం కంటె, రేడియో, రైలు వలె దీనిని కూడా ఉన్నదున్నట్లు ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

రేడియోలో నల్లబల్ల లేదు. కనుక బొమ్మలను శ్రోతలే మనస్సులో గీసుకోవలసి ఉంటుంది.

గుట్ట ఎక్కినవాడు అడుగడుగునా కొంత పైకి పోతాడు, లేదా కొంత కిందికి దిగుతాడు. అతడు ఏ దారిన పోయినా, ఎన్ని మలుపులు తిరిగినా, బయలుదేరిన చోటికే తిరిగి వస్తే, ఎక్కిన ఎత్తంతా దిగిన పల్లంతో సరిగా కొట్టుపడిపోతుంది. మొత్తం సున్న. కారణం సులభమే. గుట్ట మీద ప్రతి చోటుకూ ఇంత అని ఒక ఎత్తు ఉన్నది. అడుగులో వచ్చే మార్పు ఆ రెండు ఎత్తుల భేదమే గాని వేరు కాదు.

ఇప్పుడు చెరువు వద్దకు వద్దాము. చెరువు నడుమ ఒక స్తంభం నాటినట్లు ఊహించండి. నడిచేవాడు స్తంభానికి కట్టిన తాడు చివర పట్టుకొని గట్టు వెంబడి నడుస్తున్నాడు. అడుగు అడుగుకూ తాడు కొద్దిగా తిరుగుతుంది. ఒక గట్టుననే అటూ ఇటూ పచారు చేసి తిరిగి వస్తే తాడు మొదటి తీరుననే ఉంటుంది. కాని చెరువును పూర్తిగా చుట్టి వస్తే స్తంభానికి తాడు ఒక చుట్టు చుట్టుకొని ఉంటుంది. ఆ చుట్టు ఎక్కడ పడినది? ఏ ఒక్క అడుగులోనూ పడలేదు. ప్రతి అడుగులో జరిగినది స్వల్పమైన మార్పు, గుట్ట మీది మార్పు వంటిదే. అయినా మొత్తం సున్న కాలేదు. మూడు వందల అరవై డిగ్రీలు మిగిలినది. గట్టు మీద ప్రతి చోటుకూ ఎత్తు వలె ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించి, తాడు తిరిగిన కోణాన్ని వాని భేదంగా చూపడం ఎవరి తరమూ కాదు.

చిన్న చిన్న మార్పులను కూడి కొలిచే కొలతలు ఈ విధంగా రెండు జాతులుగా విడిపోతున్నవి. గుట్ట జాతి కొలత ఎప్పుడూ ఇంటికి చేరేసరికి సున్న. చెరువు జాతి కొలత మధ్యనున్న రంధ్రాన్ని గుర్తిస్తుంది. గుట్ట జాతి కొలతలను లెక్కలోనుంచి తీసివేసి, స్వతంత్రమైన చెరువు జాతి కొలతలు ఎన్ని మిగిలినవో లెక్కించడమే కోహోమాలజీ చేసే పని. నడిచే నేలలో సఫిల్‌గూడ చెరువు ఒక్కటే ఉన్నట్లయితే లెక్క ఒకటి. రామకృష్ణాపురం చెరువును కూడా చేర్చినచో లెక్క రెండు. మూడవ చెరువు త్రవ్విస్తే మూడు. ఒడ్డు వంకరగా ఉన్నదా, నీరు లోతుగా ఉన్నదా, ఎండిపోయినదా అనే ప్రశ్నలతో దీనికి నిమిత్తం లేదు.

దారి వెంబడి కొలిచేది ఒక మెట్టు. ఉపరితలం మీద కొలిచేది రెండవ మెట్టు. వెలుగుతున్న దీపం చుట్టూ, అన్ని వైపులా మూసిన గాజుకుండ ఒకటి పెడితే, కుండ గుండ్రంగా ఉన్నా సొట్టలు పడినా దానిలోనుండి బయటకు వచ్చే వెలుగు మొత్తం ఒక్కటే. కుండను దీపానికి ప్రక్కన పెడితే ఎంత వెలుగు లోపలికి పోయినదో అంతే వెలుపలికి వస్తుంది, లెక్క సున్న. దీపం ఉన్న చోటు రెండవ మెట్టు కొలతకు రంధ్రమన్నమాట. ఇదే తీరున మూడవ మెట్టు, నాలుగవ మెట్టు. స్థలానికి ఎన్ని పరిమాణాలున్నవో అన్ని మెట్లు. ప్రతి మెట్టున వచ్చే సంఖ్యకు ఇటలీ దేశపు గణితజ్ఞుని పేర బెట్టీ సంఖ్య అని పేరు. అవకలన గణితం ద్వారా కొలిచినా, స్థలాన్ని ముక్కలు చేసి రంధ్రాలు లెక్కించినా, వచ్చే సంఖ్యలు ఒక్కటే అని 1931లో ద రామ్ అనే స్విట్జర్లాండు గణితజ్ఞుడు నిరూపించినాడు.

ఇక సింప్లెక్టిక్ జ్యామితి మాట. దీని పుట్టినిల్లు గోడగడియారంలో ఉన్నది. లోలకం ఈ క్షణాన ఏమి చేస్తున్నదో తెలియవలెనంటే అది ఎక్కడ ఉన్నదో చెబితే చాలదు. ఎంత వేగంతో ఎటు పోతున్నదో కూడ చెప్పవలెను. స్థానం ఒక సంఖ్య, ద్రవ్యవేగం ఒక సంఖ్య. కాగితం మీద అడ్డంగా స్థానాన్ని, నిలువుగా ద్రవ్యవేగాన్ని గుర్తిస్తే, లోలకపు ప్రతి స్థితీ ఒక చుక్క అవుతుంది. లోలకం ఊగుతుంటే ఆ చుక్క ఒక చుట్టుదారిన తిరుగుతుంది. ఒక చుక్కకు బదులు దగ్గర దగ్గర స్థితులన్నింటినీ కలిపి ఒక మచ్చగా తీసుకొందాము. కాలం గడిచిన కొలదీ ఆ మచ్చ నీటి మీద తేలే నూనెచుక్క వలె సాగుతుంది, వంగుతుంది, మెలి తిరుగుతుంది. కాని దాని వైశాల్యం మాత్రం మారదు. రాపిడి లేని యాంత్రిక చలనాలన్నింటికీ ఇది వర్తించే నియమం.

లోలకాలు రెండైతే సంఖ్యలు నాలుగు. అప్పుడు కొలవవలసినది మొదటి లోలకపు స్థానానికీ దాని ద్రవ్యవేగానికీ నడుమనున్న వైశాల్యం, రెండవదాని స్థానానికీ దాని ద్రవ్యవేగానికీ నడుమనున్న వైశాల్యం, ఈ రెంటి మొత్తం. ఒకదాని స్థానానికీ మరొకదాని స్థానానికీ పొత్తు లేదు. రెండు పేటల దారం వలె స్థానమూ ద్రవ్యవేగమూ జంటజంటలుగా అల్లుకొని ఉంటవి. పేరు కూడా ఆ అల్లికనుండే వచ్చినది. 1939లో హెర్మన్ వైల్ తన క్లాసికల్ గ్రూప్స్ అనే గ్రంథంలో ఈ పేరు పెట్టినాడు. అంతకు ముందు ఈ సందర్భంలో వాడుతుండిన లాటిన్ మాట సంకీర్ణ సంఖ్యలతో గందరగోళం కలిగిస్తున్నదని, అదే అర్థం గల గ్రీకు మాటకు మార్చినాడు. ఈ వైల్ పేరు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాను. తరువాత మనకు ఒక తెలుగువాని ద్వారా మళ్లీ తారసపడుతుంది.

ఈ విధంగా వైశాల్యపు కొలత ఒకటి అన్ని చోట్లా అమర్చిన స్థలమే సింప్లెక్టిక్ స్థలం. నియమాలు రెండే. మొదటిది, ఆ కొలత ఎక్కడా అణగారిపోరాదు. అనగా ప్రతి దిశకూ దానికి తగిన జంట దిశ ఉండవలెను. కనుకనే ఇట్టి స్థలాల పరిమాణం ఎల్లప్పుడూ సరిసంఖ్యగా ఉంటుంది. రెండవది, చిన్న మూసిన పాత్రలో ఎంత లోపలికి వచ్చినదో అంత బయటకు పోవలెను. మధ్యలో కొత్తగా పుట్టరాదు.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చినది. భూమి ఉపరితలం గుండ్రనిది, బల్ల చదునైనది. భూమి మీద చిన్న ముక్కను తీసుకొని కొలిచినా వక్రత తెలిసిపోతుంది. దేశపటం గీసేవాని కష్టమంతా అదే. సింప్లెక్టిక్ స్థలంలో ఆ సౌకర్యం లేదు. ఒకే పరిమాణం గల సింప్లెక్టిక్ స్థలాలు ఏ రెంటినైనా తీసుకొని వానినుండి చిన్న ముక్కలు కోస్తే, ఆ ముక్కలు అచ్చంగా ఒక్కటే అని 1882లో డార్బూ నిరూపించినాడు. దగ్గరనుండి చూస్తే అన్నీ ఒకే తీరు. భేదమంటూ ఉంటే అది మొత్తాన్ని చుట్టి చూచినపుడే తెలియవలెను. చెరువు గట్టున నడిచినవానికి ఏ అడుగులోనూ చుట్టు కనబడలేదు గదా, ఇదీ అట్టిదే. ఈ జ్యామితిలో కోహోమాలజీకి అంత ప్రాధాన్యం రావడానికి కారణం ఇదే.

దాని బలం ఎట్టిదో ఒక్క ఉదాహరణలో చూడవచ్చును. బంతి ఉపరితలం రెండు పరిమాణాల గోళం. మామూలు వైశాల్యమే దానికి సింప్లెక్టిక్ కొలత. నాలుగు పరిమాణాల గోళానికి అట్టి కొలత అమర్చగలమా? అమర్చినామనే అనుకొందాము. వైశాల్యాన్ని వైశాల్యంతో గుణిస్తే నాలుగు పరిమాణాల ఘనమానం వస్తుంది. అణగారిపోని కొలత కనుక అది ప్రతి ముక్కలోనూ ధనాత్మకమే, మొత్తం కూడా ధనాత్మకమే. కాని ఆ గోళంలో రెండవ మెట్టున రంధ్రాలు లేవు, బెట్టీ సంఖ్య సున్న. కనుక వైశాల్యపు కొలత గుట్ట జాతిది కాక తప్పదు. అది గుట్ట జాతిదైతే దానినుండి పుట్టిన ఘనమానం కూడా గుట్ట జాతిదే. గుట్ట జాతి కొలత అంచులేని మూసిన స్థలమంతటా కూడితే సున్న. ఒకే రాశి ధనాత్మకమూ సున్నయూ కాజాలదు. అనగా నాలుగు పరిమాణాల గోళం సింప్లెక్టిక్ స్థలం కానేరదు. ఆరు, ఎనిమిది పరిమాణాల గోళాల గతీ ఇంతే. ఒక్క సమీకరణం సాధించకుండా, ఒక్క యంత్రం వాడకుండా, అసాధ్యమని తేల్చి చెప్పగలిగినాము. గణితంలో నాకు ఎక్కువగా నచ్చేవి ఇట్టి వాదాలే.

చాలకాలం పాటు మూసిన సింప్లెక్టిక్ స్థలాలకు ఉదాహరణలన్నీ బీజీయ జ్యామితి నుండి వచ్చినవే. వానికన్నింటికీ ఒక క్రమశిక్షణ ఉండేది: బేసి మెట్లలోని బెట్టీ సంఖ్యలన్నీ సరిసంఖ్యలుగానే వచ్చేవి. సింప్లెక్టిక్ స్థలాలన్నీ ఇంతేనేమో అనిపించేది. 1976లో థర్‌స్టన్ అనే అమెరికన్ గణితజ్ఞుడు ఆ ఊహను రెండు పుటల వ్యాసంతో తుడిచివేసినాడు. నాలుగు చుట్టుదారులు గల నాలుగు పరిమాణాల స్థలం ఒకటి తీసుకొన్నాడు. దానిని కుట్టేటప్పుడు అంచు అంచుతో సరిగా కలుపక, గళ్ల లుంగీ అంచులు కుట్టేటప్పుడు ఒక గడి జారినట్లు, కొంత జార్చి కుట్టినాడు. ఆ జారుడు వలన నాలుగు చుట్టుదారులలో ఒకటి లెక్కకు రాకుండా పోయి మూడే మిగిలినవి. మొదటి బెట్టీ సంఖ్య మూడు, బేసి సంఖ్య. స్థలం సింప్లెక్టిక్ స్థలమే. క్రమశిక్షణ మాత్రం తప్పినది. ఈ స్థలాన్ని అంతకు ముందే వేరొక సందర్భంలో జపాను గణితజ్ఞుడు కోడైరా ఎరిగి ఉండినందున దీనికి ఇద్దరి పేర్లూ నిలిచినవి.

దీనితో మామూలు కోహోమాలజీ చాలదని తెలిసినది. అది స్థలపు రంధ్రాలను లెక్కిస్తుందే గాని వైశాల్యపు కొలత ఆ రంధ్రాలతో ఏ విధంగా పెనవేసుకొన్నదో పూర్తిగా చెప్పదు. 1988లో బ్రిలిన్స్కీ ఒక ప్రశ్న లేవదీసినాడు: ప్రతి చెరువు జాతి కొలతకూ, సింప్లెక్టిక్ దృష్టితో చూచినచో అతి నిలకడగల రూపం ఒకటి ఉంటుందా? స్థలం పై క్రమశిక్షణకు మూలమైన బలమైన లెఫ్‌షెట్జ్ నియమాన్ని పాటిస్తేనే ఉంటుందని 1995లో మాత్యూ జవాబు చెప్పినాడు. థర్‌స్టన్ స్థలం ఆ నియమాన్ని పాటించదు. తరువాత త్సెంగ్, యౌ అనే ఇద్దరు, మామూలు అవకలనానికి తోడు వైశాల్యపు కొలతను ఉపయోగించే రెండవ అవకలనాన్ని తీసుకొని, రెంటినీ కలిపి కొత్త కోహోమాలజీలను నిర్మించి 2012లో ప్రచురించినారు. లెఫ్‌షెట్జ్ నియమం పాటించే స్థలాలలో ఇవి పాత లెక్కనే ఇస్తవి. పాటించని చోట, పాత లెక్కకు అందని సమాచారాన్ని ఇస్తవి.

ఇంతవరకూ చెప్పినది సింప్లెక్టిక్ జ్యామితి. దానిని సాధారణీకరించడం అంటే పైన చెప్పిన నియమాలలో ఏదో ఒకదానిని సడలించడమే. ఒక నియమం సడలించినపుడల్లా దానికి తగిన కొత్త కోహోమాలజీ ఒకటి కావలసి వస్తుంది. సడలింపులు చాలా ఉన్నవి. మూడింటిని ప్రస్తావిస్తాను, అన్నింటికీ సమాన కాలం ఇవ్వలేను.

మొదటిది కొలబద్ద మారే స్థలం. ఒక గ్రామంలో భూమి కొలిచే గొలుసు ఉన్నదనుకొందాము. పొలం నుండి పొలానికి పోతుంటే ఎక్కడా తేడా తెలియదు. ఊరు చుట్టి తిరిగి వచ్చేసరికి మాత్రం గొలుసు రెండింతలు అయినది! పొలం వైశాల్యం ఎంత అంటే ఇంత అని ఊరంతటికీ కలిపి చెప్పలేము. ప్రతి పేటలో విడివిడిగా మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చును. ఇట్టి స్థలం నిజంగా ఉన్నది. నాలుగు పరిమాణాల స్థలంలో కేంద్రబిందువును తీసివేసి, ప్రతి బిందువునూ దానికి రెండింతల దూరాన ఉన్న బిందువుతో ఏకం చేయండి. ఉల్లిపాయ లోపలి పొర బయటి పొరతో అతికినట్లు అవుతుంది. పొరనుండి పొరకు పోయి మొదటి చోటికి రాగానే వైశాల్యపు కొలత నాలుగింతలై ఉంటుంది. ఈ హాప్ స్థలంలో రెండవ మెట్టు బెట్టీ సంఖ్య సున్న. కనుక, ఇంతకు ముందు గోళానికి చెప్పిన కారణం చేతనే, అది అసలైన సింప్లెక్టిక్ స్థలం కాదు. కొలబద్ద మారడానికి ఒప్పుకొంటే మాత్రం సింప్లెక్టిక్ స్థలాల పంక్తిలో కూర్చొనడానికి అర్హత వస్తుంది. 1943లో లీ అనే చైనా గణితజ్ఞుడు ఈ మార్గం చూపినాడు. 1985లో వైస్మన్ దీనిని శాస్త్రంగా తీర్చినాడు. ఇక్కడ కోహోమాలజీ లెక్క వేసేటప్పుడు ప్రతి అడుగులోనూ కొలబద్ద ఎంత మారినదో తీసివేస్తూ పోవలెను. వ్యాపారి ఒక ఊరి తూకాన్ని మరొక ఊరి తూకానికి మార్చి పద్దు వ్రాసినట్లే.

రెండవ సడలింపు, వైశాల్యపు కొలత కొన్ని దిశలలో లేకపోయినా ఫరవా లేదనడం. దీనికి ఉదాహరణ పిల్లలాడే బొంగరం. దాని కోణీయ ద్రవ్యవేగానికి మూడు సంఖ్యలు కావలెను. మూడు బేసి సంఖ్య కనుక అది సింప్లెక్టిక్ స్థలం కాదు. అయితే బరువు లాగకుండా స్వేచ్ఛగా తిరిగే బొంగరానికి ద్రవ్యవేగపు మొత్తం పరిమాణం మారదు. కనుక దాని చలనమంతా ఒక గోళం మీదనే సాగుతుంది. గోళం సింప్లెక్టిక్ స్థలమే. మూడు పరిమాణాల స్థలమంతా ఒకదానిలో ఒకటి ఇమిడిన గోళాలుగా, నడుమ ఒక్క బిందువుగా పొరలు పొరలుగా విడిపోతుంది. వీనిని పోయ్‌సాన్ స్థలాలంటారు. వీని కోహోమాలజీని 1977లో లిక్నెరోవిచ్ ప్రవేశపెట్టినాడు. ఇది మహా జగమొండి లెక్క. చిన్న స్థలాలకే అనంతమైన జవాబు వచ్చే సందర్భాలున్నవి.

మూడవది 2003లో ఆక్స్‌ఫర్డుకు చెందిన హిచిన్ చూపి, ఆయన శిష్యుడు గ్వాల్టియెరి విస్తరించినది. సంకీర్ణ సంఖ్యల జ్యామితి ఒక కొస, సింప్లెక్టిక్ జ్యామితి మరొక కొస, నడుమ రెండూ కలిసిన మిశ్రమ రూపాలు. దిశలనూ కొలతలనూ వేరు చేయక ఒకే సంచిలో వేసి లెక్కించే పద్ధతి ఇది. భౌతికశాస్త్రజ్ఞులకు దీనితో పని ఎక్కువ.

ఇదంతా మనకు దూరపు వ్యవహారం అని శ్రోతలు అనుకోవచ్చును. నిజానికి అంత దూరం కాదు. ఈ చరిత్రలో ఒక కీలకమైన అధ్యాయం మన దేశంలోనే వ్రాయబడినది. దానికి రంగం సిద్ధం చేసినవారిలో ప్రధానుడు తెలుగువాడు.

కొమరవోలు చంద్రశేఖరన్ 1920లో బందరులో జన్మించినారు, బాపట్లలో చదువుకొన్నారు, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల నుండి వెలువడి ప్రిన్స్‌టన్ చేరినారు. అక్కడ ఉండగా హోమీ భాభా పిలుపు మీద బొంబాయి టాటా పరిశోధన సంస్థకు వచ్చి గణిత విభాగాన్ని తీర్చిదిద్దినారు. ఈ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన కె. జి. రామనాథన్ అదే 1920లో మన హైదరాబాదులో పుట్టినవారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్లే అయినది. అన్నవస్త్రాలకే కటకటగా ఉన్న రోజులు. అట్టి సమయంలో ప్రయోజనం ఇదీ అని వెంటనే చూపలేని శుద్ధ గణితానికి ఒక పాఠశాల కావలెనని వాదించి నెగ్గడం సామాన్యమైన విషయం కాదు. ఫ్రాన్సు, జర్మనీల నుండి పెద్దలను పిలిపించి, నెలల తరబడి ఉపన్యాసాలు ఇప్పించి, విద్యార్థుల చేత వానిని గ్రంథరూపంలో వ్రాయించేవారు. విదేశానికి పోకుండానే మన యువకులు గణితపు కొత్త సరిహద్దులకు చేరగలిగినారంటే అది ఈ ఏర్పాటు ఫలమే. 1965లో చంద్రశేఖరన్ జ్యూరిక్ వెళ్లినారు. 2017లో అక్కడే కీర్తిశేషులైనారు. సింప్లెక్టిక్ అనే పేరు పెట్టిన హెర్మన్ వైల్ వ్యాసాలన్నింటినీ సేకరించి 1968లో నాలుగు సంపుటాలుగా ప్రకటించిన సంపాదకుడు ఈయనే. పేరు పెట్టినవాని రచనలు లోకానికి అందించిన చేయి బందరు చేయి.

ఆ పాఠశాలలో 1953లో చేరిన ఇద్దరు తమిళ యువకులు ఎం. ఎస్. నరసింహన్, సి. ఎస్. శేషాద్రి. చంద్రశేఖరన్ జ్యూరిక్ వెళ్లిన 1965లోనే వారిద్దరూ కలిసి ప్రకటించిన సిద్ధాంతం నేడు వారి పేరనే ప్రపంచమంతటా ప్రసిద్ధి. అది ఏమి చెబుతుందో సాధ్యమైనంత సూటిగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

గారెకు నడుమ ఒక రంధ్రం. రెండు గారెలను అంచున అతికించినచో రెండు రంధ్రాలు గల ఒక వస్తువు అవుతుంది. దాని ఉపరితలాన్ని మాత్రం తీసుకొందాము. దాని మీద ముఖ్యమైన చుట్టుదారులు నాలుగు: ఒక్కొక్క గారెకు రంధ్రం చుట్టూ పోయేది ఒకటి, రంధ్రంలోనుండి దూరి వచ్చేది ఒకటి. ప్రతి చుట్టుదారికీ ఒక భ్రమణాన్ని కేటాయించండి. రెండు వరుసలు, రెండు నిలువులు గల మాత్రిక అనుకొంటే సరి. ఒక్కొక్క భ్రమణానికి మూడు సంఖ్యలు కావలెను. కనుక నాలుగింటికి పన్నెండు. ఈ నాలుగింటికీ నడుమ ఉపరితలమే విధించే సమీకరణం ఒకటి ఉన్నది. అది మూడు సంఖ్యలను తగ్గిస్తుంది. చూచే కోణం మార్చినంత మాత్రాన భేదం రాకూడదు కనుక మరి మూడు తగ్గినవి. మిగిలినవి ఆరు. సమీకరణంలో ఒక గుర్తును తగినట్లు మార్చి తీసుకొంటే, ఇట్టి కేటాయింపులన్నీ కలిసి ఆరు పరిమాణాలు గల, ముడుతలు లేని, మూసిన స్థలం ఒకటి అవుతుంది. బీజీయ జ్యామితిజ్ఞులు వేరొక దారిన, సమీకరణాల ద్వారా, స్థిరమైన వెక్టర్ బండిల్‌లు అనే వానిని అధ్యయనం చేస్తున్నారు. ఆ బండిల్‌ల స్థలమూ ఈ భ్రమణాల స్థలమూ ఒక్కటే అన్నది నరసింహన్, శేషాద్రుల సిద్ధాంతం. ఒక చేతిలో బీజగణితం, మరొక చేతిలో భ్రమణాలు. రెండు చేతులూ పట్టుకొన్నది ఒకే వస్తువును.

ఈ స్థలం సింప్లెక్టిక్ స్థలం. మైకేల్ అతియా, రౌల్ బాట్ 1983లో భౌతికశాస్త్రపు సమీకరణాల దారిన ఇది చూపినారు; 1984లో గోల్డ్‌మన్ చుట్టుదారుల అల్లిక నుండే నేరుగా రాబట్టినాడు. ఉపరితలం మీద రెండు చుట్టుదారులు ఎక్కడెక్కడ ఒకదానినొకటి దాటుతున్నవో ఆ దాటుడు నుండే వైశాల్యపు కొలత పుడుతుంది.

దీని బెట్టీ సంఖ్యలను 1967లో న్యూస్టెడ్ లెక్క కట్టినాడు. మన జంటగారెల స్థలానికి, సున్న మెట్టు నుండి ఆరవ మెట్టు వరకు, ఆ సంఖ్యలు ఇవి: 1, 0, 1, 4, 1, 0, 1. రెండవ మెట్టులోని ఒకటి మరేమీ కాదు, సింప్లెక్టిక్ వైశాల్యమే. మూడవ మెట్టులోని నాలుగు, మనం మొదట తీసుకొన్న నాలుగు చుట్టుదారుల ప్రతిబింబం. చిన్న ఉపరితలం తన గుర్తును పెద్ద స్థలం నడుమ వదలి పోయినది.

భ్రమణాలు ఇంకా పెద్దవైతే లెక్క త్వరగా చేయి దాటిపోతుంది. 1975లో జర్మనీకి చెందిన హార్డర్‌తో కలిసి నరసింహన్ దానికి వింతైన ఉపాయం పన్నినారు. రంధ్రాలు లెక్కించడానికి వారు స్థలం వైపు చూడనేలేదు. అవే సమీకరణాలకు పరిమితమైన సంఖ్యా వ్యవస్థలలో ఎన్ని సాధనలున్నవో లెక్కించినారు. అంతకు కొద్ది ముందు దెలీన్యా నిరూపించిన సిద్ధాంతం ద్వారా, ఆ సాధనల సంఖ్య నుండి బెట్టీ సంఖ్యలను రాబట్టినారు. చెరువులెన్ని ఉన్నవో తెలుసుకోవడానికి గట్టు మీద నడవకుండా, తాలూకా కచేరిలో కూర్చొని పట్టాలు లెక్కించినట్లు! ఎనిమిదేళ్ల తరువాత అతియా, బాట్ పూర్తిగా వేరైన మార్గంలో అవే సంఖ్యలకు చేరినారు. అంకగణితమూ భౌతికమూ ముందుగా సంప్రదించుకొనకుండా ఒకే జవాబు చెప్పిన ఇట్టి సందర్భాలు గణిత చరిత్రలో తరచుగా రావు.

2010 ఆగస్టు 19 నుండి 27 వరకు అంతర్జాతీయ గణిత మహాసభ మన హైదరాబాదులో జరిగినది. మన దేశంలో అది జరగడం అదే మొదటిసారి. నిర్వాహక సంఘానికి అధ్యక్షత వహించిన ఎం. ఎస్. రఘునాథన్ అనంతపురంలో పుట్టి, టాటా సంస్థలో నరసింహన్ వద్ద శిక్షణ పొందినవారు. ఆయన పేరు తెచ్చుకొన్న రంగాలలో కోహోమాలజీ ఒకటి. ఆ సభలో సింప్లెక్టిక్ జ్యామితిపై ఉపన్యసించినవారిలో ఒకరైన దెనీ ఒరూ చెప్పిన విషయం, ఆండ్రియాస్ ఫ్లోయర్ పేర వెలసిన కోహోమాలజీకి సంబంధించినది.

ఆ ఫ్లోయర్ చేసిన పని గురించి ఒక్కమాట. మూసిన సింప్లెక్టిక్ స్థలంలో యాంత్రిక నియమాల ప్రకారం, నియమిత కాలంలో అదే తీరున మళ్లీ మళ్లీ వచ్చే ప్రేరణతో, చలనం సాగుతున్నదనుకొందాము. ఒక ఆవృత్తం ముగిసేసరికి బయలుదేరిన చోటికే సరిగా వచ్చి చేరే స్థితులు ఎన్ని ఉంటవి? రష్యా గణితజ్ఞుడు ఆర్నోల్డ్ చెప్పిన ఊహ ఇది: ప్రత్యేకమైన వికారాలు లేని సాధారణ సందర్భంలో, ఆ స్థలపు బెట్టీ సంఖ్యలన్నీ కూడితే ఎంత వస్తుందో కనీసం అన్ని ఉండి తీరవలెను. బంతికి రెండు, గారెకు నాలుగు. చాలా విస్తృతమైన ఒక వర్గపు స్థలాలకు ఫ్లోయర్ 1980ల చివర ఈ ఊహను నిరూపించినాడు. నరసింహన్, శేషాద్రుల జంటగారెల స్థలం ఆ వర్గానికి చెందినదే. పైన చెప్పిన ఏడు సంఖ్యలను కూడి చూడండి: ఎనిమిది. ఆ ఆరు పరిమాణాల స్థలంలో ప్రేరణను ఎవరు ఏ విధంగా మార్చి చూచినా, ఎనిమిది స్థితులకు తక్కువ కాకుండా బయలుదేరిన చోటికే తిరిగి వస్తవి.